ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో ఎవరి గుంపు వారిదే, ఏం చేయాలి?

ప్రశ్న
మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాళ్లకి వచ్చే నెల ఊళ్లో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు, 50 మంది వాలంటీర్లు. వాళ్లిష్టానికి వదిలేస్తే వంట అమ్మాయిల నెత్తిన, చీపురు హాస్టల్ పిల్లల చేతిలో పడుతుంది. కొత్తవాళ్లని "మీరేవిట్లు?" అని ఆరా తీయడం, కులం పేరుతో జోకులు సరేసరి. ఉపన్యాసాలు చెవికెక్కవు. పనికొచ్చే పద్ధతి చెప్పండి.

జవాబు 1
జట్లు మీరే వేయండి సార్, బస్సెక్కకముందే. పదేసి మందితో ఐదు. అమ్మాయిల చీటీలు, అబ్బాయిల చీటీలు వేరే డబ్బాల్లో వేసి తీయించండి. ఏ జట్టులోనూ అమ్మాయి ఒక్కతే పడకూడదు, ఒంటరిగా పడితే నోరు విప్పదు. వంట, వడ్డన, గిన్నెలు, ఊడవడం, ఊళ్లో ఇంటింటి సర్వే రోజుకొకటి మారాలి. ఐదు రోజుల్లో అన్నీ అందరి చేతికీ వస్తాయి. పట్టిక గోడకి అంటించండి. "వాడికి ఊడవడం అలవాటే సార్, నేను సర్వేకి పోతా" అన్న మొదటి మార్పిడికి ఒప్పుకున్నారా, మిగతా పట్టికంతా పోయినట్టే.

బస బడిలోనే పెట్టండి. గుడి మండపమైతే రాలేనివాళ్లుంటారు, ఎందుకో పైకి చెప్పరు.

జవాబు 2
సర్వే ఎస్సీ కాలనీ నుంచే మొదలుపెట్టండి. చివరికి ఉంచితే ఎండ ముదిరాక "రేపు చూద్దాం" అంటారు, ఆ రేపు రాదు. ఇంటివాళ్లు నీళ్లిస్తే తాగాలని ముందే చెప్పండి. "బాటిల్ ఉందిలెండి" అంటే ఎందుకన్నారో వాళ్లకి తెలుస్తుంది.

జవాబు 3
ఎవరికెన్ని అవకాశాలున్నాయో అడుగుల్లో చూపే 'అడుగు ముందుకు' ఆట చాలామంది ఆడిస్తారు. పిల్లల అసలు కులం, ఆదాయం మీద మాత్రం ఆడించొద్దు. వెనకబడ్డ పిల్లాడు అందరి ముందూ బయటపడిపోతాడు. పాత్రల చీటీలివ్వండి: వలస కూలీ కూతురు, చూపులేని విద్యార్థి, రైస్‌మిల్లు యజమాని కొడుకు. "ఊళ్లో ఎక్కడైనా నాకు ఇల్లు అద్దెకిస్తారు" లాంటి వాక్యాలు పది చదవండి, అవునన్నవాళ్లు అడుగేస్తారు. ఆట పావుగంట, చర్చ కనీసం అరగంట. చర్చకి ముందు చీటీలు తీసేసుకుని ఎవరి పేరు వాళ్లతో చెప్పించండి, లేకపోతే ఆ పాత్ర పేరే వారమంతా ఎగతాళికి మిగులుతుంది.

జవాబు 4
జోకు పడ్డ క్షణంలోనే ఆపాలి మేడమ్/సార్. "ఇక్కడ కులం పేరుతో మాట్లాడం", అంతే చాలు. అన్నవాణ్ని తర్వాత విడిగా పిలవండి. మాట పడ్డ పిల్లాణ్ని అందరి ముందూ "బాధపడ్డావా?" అని అడగొద్దు, బలవంతంగా చేతులు కలిపించొద్దు. 2016 నుంచి యూజీసీ (కాలేజీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) నిర్వచనంలో కులం పేరిట వేధించడమూ ర్యాగింగే. ఫిర్యాదు చేస్తానంటే రాజీ కుదర్చకుండా కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి రాతపూర్వకంగా పంపండి.