నక్షత్రాల మధ్య ధూళిలో స్ఫటికాలు ఎన్ని: ఇన్‌ఫ్రారెడ్ మాట వినాలా, ఎక్స్‌రే మాటా?

వేగుచుక్క:
మన గెలాక్సీ కేంద్రం వైపున్న ధూళిని ఇన్‌ఫ్రారెడ్‌లో చూసి, అందులోని సిలికేట్లలో (సిలికాన్, ఆక్సిజన్ ఉన్న ఖనిజాల్లో) స్ఫటికాలు మహా అయితే 2 శాతం చిల్లరని, 2004 నాటి లెక్కను సవరించి 2005లో తేల్చారు. 9.7 మైక్రాన్ల దగ్గర శోషణ పట్టీ (ధూళి వెలుగును పీల్చుకున్న చోటు) నున్నగా ఉంది, స్ఫటికాలుంటే సన్నటి గీతలు కనిపించాలి అన్నది వాళ్ల వాదన. చంద్రా టెలిస్కోపు ఎక్స్‌రే వర్ణపటాల్లో మాత్రం అంతకంటే ఎక్కువే వస్తోంది. నేను ఎక్స్‌రే వైపు.

సప్తర్షి:
నేను ఒప్పుకోనండీ. జీఎక్స్ 5-1 లాంటి ఎక్స్‌రే జంట తార వెలుగు ధూళిలోంచి వస్తుంటే, సిలికాన్ దాన్ని 1.84 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక్కసారిగా పీల్చుకుంటుంది. ఆ అంచు పక్కనుండే ఎత్తుపల్లాలు సిలికాన్ చుట్టూ ఉన్న కొద్ది పరమాణువుల అమరికనే చెబుతాయి. అంతమాత్రాన రేణువు మొత్తం స్ఫటికం ఎలా అవుతుంది?

వేగుచుక్క:
అది నా వాదనకే బలం కదా! బుల్లి స్ఫటికాలు బోలెడు కలిసిన రేణువు ఇన్‌ఫ్రారెడ్‌లో నున్నగానే కనిపించవచ్చు. అప్పుడు ఆ 2 శాతం పెద్ద స్ఫటికాల లెక్క మాత్రమే. ఇంకోటి, నాసా స్టార్‌డస్ట్ వ్యోమనౌక 2006లో భూమికి తెచ్చిన ధూళిలో 7 కణాలు నక్షత్రాల మధ్య నుంచి వచ్చినవి కావచ్చని 2014లో ప్రకటించారు. వాటిలో ఓరియన్, హైలాబ్రూక్ అనే రెండింట్లో స్ఫటిక రూపంలో ఒలివిన్ అనే సిలికేట్ ఖనిజం దొరికింది.

అరుంధతి:
రెండు కణాలు చూసి గెలాక్సీకంతటికీ శాతం కట్టకండి, ప్లీజ్. మరీ చిన్న రేణువులను సూర్యుడి అయస్కాంత క్షేత్రం లోపలికే రానివ్వదు, కాబట్టి మనకు చిక్కేవి పెద్దవే. నా అసలు టెన్షన్ పరికరంతో. చంద్రా డిటెక్టర్లు చేసిందే సిలికాన్‌తో! ధూళి అంచు, పరికరం అంచు ఒకే చోట పడతాయి. ఫ్రాన్స్‌లోని సొలైల్ సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్‌రేలు పుట్టించే యంత్రంలో) కొలిచిన ఖనిజాలతో పోల్చి శాతం చెబుతున్నారు. ఆ జాబితాలో లేని ఖనిజం ఆ పోలికలోకి (ఫిట్‌లోకి) రానే రాదు.

సప్తర్షి:
2023లో జపాన్ పంపిన ఎక్స్‌రే టెలిస్కోపు ఎక్స్‌రిజం దీన్ని తేలుస్తుందని ఆశపడ్డాను. దాని పరికరం ముందున్న మూత (గేట్ వాల్వ్) తెరుచుకోక 1.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిందికి చూపు దాదాపు పోయింది. 1.3 దగ్గరి మెగ్నీషియం, 0.7 దగ్గరి ఇనుము, 0.54 దగ్గరి ఆక్సిజన్ అన్నీ అందకుండా పోయాయి. చాలా బాధేసింది.

వేగుచుక్క:
సిలికాన్ మిగిలింది కదండీ. అరుంధతి గారి అభ్యంతరం న్యాయమైనదే. అందుకే మెగ్నీషియం, సిలికాన్ అంచులను కలిపి ఫిట్ చేయాలి. జీఎక్స్ 3+1 అనే మరో ఎక్స్‌రే జంట తారకి చంద్రా డేటాతో అలాగే చేశారు. రెండు అంచులూ ఒకే ఖనిజాన్ని చూపిస్తే, తప్పంతా డిటెక్టర్‌దే అనడానికి వీలుండదు.