వైమార్ రాజ్యాంగం రెండు జెండాలకు చోటివ్వడం తప్పేనా?

చరిత్రప్రియ:
మొదటి ప్రపంచయుద్ధం తర్వాత రాచరికం పోయి గణతంత్రమైన జర్మనీ 1919 ఆగస్టులో రాసుకున్న వైమార్ రాజ్యాంగం మూడో అధికరణంలో జర్మనీ జాతీయ వర్ణాలు నలుపు, ఎరుపు, బంగారం అని ప్రకటిస్తూనే, వాణిజ్య నౌకలకు మాత్రం పాత సామ్రాజ్యపు నలుపు, తెలుపు, ఎరుపు జెండాను ఉంచి, దాని పైమూలలో కొత్త రంగులను ఇరికించింది. 1832లో స్వేచ్ఛ, జాతీయ ఐక్యత కోరుతూ హాంబాఖ్ కోటకు జనం మోసుకెళ్లిన రంగులను, అవే కోరిన 1848 ఉద్యమం తనవనుకున్న రంగులను సొంతం చేసుకున్న గణతంత్రం, రేవుల్లో రాచరికపు జెండాకు తలవంచిందనే నేనంటాను. ప్రత్యర్థులు ఆ బంగారాన్ని ఆవపిండి అని వెక్కిరించారంటే, ఆ అలుసు ఇచ్చింది ఎవరు?

నావికుడు:
చరిత్రప్రియ గారూ, రాచరికపు జెండా అనే మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. సామ్రాజ్యానికి ముందు ప్రష్యా రాజ్యం నాయకత్వాన ఏర్పడిన ఉత్తర జర్మన్ సమాఖ్య 1867 రాజ్యాంగంలో ఆ రంగులు యుద్ధ నౌకలకూ వాణిజ్య నౌకలకూ జెండాగానే నమోదయ్యాయి. ప్రష్యా నలుపు తెలుపులకు హాన్సా అనే పాత వర్తక కూటమికి చెందిన రేవు పట్టణాల తెలుపు ఎరుపులు తోడయ్యాయి. జాతీయ జెండా హోదా 1892లో గాని రాలేదు. సముద్రంలో పుట్టినదాన్ని సముద్రానికే వదిలేయడం పిరికితనం ఎలా అవుతుంది?

చరిత్రప్రియ:
పుట్టుక విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ అది సముద్రంలోనే ఉండిపోలేదు కదా! 1926 మేలో ఐరోపా వెలుపలి దౌత్య కార్యాలయాలూ, ఐరోపా రేవుల్లోని కాన్సులేట్లూ జాతీయ జెండా పక్కన వాణిజ్య జెండాను కూడా ఎగరేయాలన్న ఉత్తర్వు వెలువడింది; ఆ వారంలోనే ఛాన్సలర్ లూథర్ పదవి కోల్పోయారు. 1933 మార్చిలో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఆ పాత రంగులనే నాజీల స్వస్తిక జెండాతో కలిపి ఎగరేయమన్నారు. 1935 నాటికి మిగిలింది స్వస్తిక ఒక్కటే.

పాతనాణెం:
జెండా గొడవలో పడి మీరిద్దరూ జర్మనీ రాజ్యచిహ్నంలోని గద్దను మరిచారు. 1919 నవంబరులో అధ్యక్షుడు ఎబెర్ట్ పాత చిహ్నంలోని కిరీటాన్నీ ప్రష్యా గుర్తులనూ తీసేసి, గద్దను మాత్రం ఉంచారు. 1950లో పశ్చిమ జర్మనీ దాన్నే మళ్లీ తీసుకుంది. కిరీటం తీస్తే గద్ద గద్దగానే మిగిలింది. మూడు రంగుల పట్టీల్లో అలా తీసివేయడానికి ఏముంది?

నావికుడు:
అది మంచి ప్రశ్నే. 1949లో పశ్చిమ జర్మనీ కొత్త రాజ్యాంగం నలుపు, ఎరుపు, బంగారం జెండా ఒక్కదాన్నే ప్రకటించినప్పుడు నౌకల యజమానుల కోసం రెండోది ఉంచవలసిన అవసరం లేకపోయింది. అప్పటికి కొన్నేళ్లుగా జర్మన్ నౌకలు జాతీయ జెండాయే లేకుండా, రెండో ప్రపంచయుద్ధంలో గెలిచిన మిత్రరాజ్యాలు విధించిన ఒక సంకేత జెండాతో తిరుగుతున్నాయి.