వైట్ పడింది, ఎయిట్ పడలేదు: గేమ్ పోయినట్టేనా?

మూల_పాకెట్:
మేం ఎయిట్ బాల్ పూల్ ఆడే పార్లర్‌లో వారం నుంచీ ఇదే గొడవ. ఒకాయన తన ఏడు సాలిడ్స్ (నిండు రంగు బంతులు) వేసేసి, చివరగా వేయాల్సిన నల్ల బంతి ఎయిట్ మీదకొచ్చాడు. కొట్టాడు. ఎయిట్ పాకెట్ అంచున ఆగిపోయింది, వైట్ (కర్రతో కొట్టే తెల్ల బంతి) మాత్రం లోపలికి పోయింది. అవతలివాళ్లు "గేమ్ మాదే" అని క్యూ కర్రలు పక్కన పెట్టేశారు. నా లెక్కలో అది ఫౌల్ మాత్రమే. ఏమంటారు?

డల్లాస్_బ్రేక్:
ఓటమే బ్రదర్. నేనిక్కడ అమెరికాలో ఏపీఏ (అమెరికన్ పూల్ ప్లేయర్స్ అసోసియేషన్) లీగ్ ఆడతాను. ఎయిట్ మీద ఆడుతూ వైట్ పాకెట్ చేసుకుంటే, ఎయిట్ పడకపోయినా గేమ్ పోతుంది. వైట్ టేబుల్ మీదే ఉండి ఎయిట్‌కి అసలు తగలకపోతేనే బాల్ ఇన్ హ్యాండ్‌తో (అవతలివాడు వైట్‌ని తనకు నచ్చినచోట పెట్టి ఆడటంతో) సరి. ఆఖరి షాట్‌లో వైట్ ఎటు పోతుందో చూసుకోవడం కూడా ఆటలో భాగమే కదా?

చాక్_ముక్క:
అది ఆ లీగ్ రూల్. అంతర్జాతీయ పూల్ సంఘం డబ్ల్యూపీఏ రూల్స్ వేరు. అందులో ఎయిట్‌ని ముందే వేసేసినా, చెప్పిన పాకెట్‌లో కాక వేరేదాంట్లో వేసినా, టేబుల్ బయటికి కొట్టినా, వేస్తూ ఫౌల్ చేసినా గేమ్ పోతుంది. గమనించండి, ఎయిట్ పడుతూ ఫౌల్ అయితేనే. మీరు చెప్పిన షాట్‌లో ఎయిట్ టేబుల్ మీదే ఉంది. కాబట్టి అవతలివాళ్లకు బాల్ ఇన్ హ్యాండ్, అంతే. బ్రేక్‌లో (ఆట మొదలుపెట్టే షాట్‌లో) ఎయిట్ పడటం కూడా ఇలాంటిదే: ఏపీఏలో గెలుపు, డబ్ల్యూపీఏలో కాదు. ఎయిట్‌ని మళ్లీ టేబుల్ మీది గుర్తు (స్పాట్) మీద పెట్టి ఆడొచ్చు, లేదా మళ్లీ బ్రేక్ చేయొచ్చు.

డల్లాస్_బ్రేక్:
మరి ఇక్కడ బార్లలో అంతా మా పద్ధతే ఎందుకు పాటిస్తున్నారండీ?

చాక్_ముక్క:
కాయిన్ టేబుల్స్ వల్ల కొంత. వాటిలో పడిన రంగు బంతులు లోపలే లాక్ అయిపోతాయి, మళ్లీ డబ్బులేస్తే గానీ రావు. ఎయిట్ పడితే తీసి పెట్టే దారి లేదు, కాబట్టి ఆట అక్కడితో తేల్చేయడం సులువు. కానీ ఆ టేబుల్స్‌లో కూడా వైట్ విడిగా బయటికొస్తుంది. వైట్ ఒక్కటే పడితే ఆట ఆపాల్సిన అవసరమేముంది?

డల్లాస్_బ్రేక్:
టేబుల్ సంగతి వదిలేయండి, శిక్ష చాలదంటున్నాను. అవతలివాడికి ఇంకా నాలుగు స్ట్రైప్స్ (చారల బంతులు) ఉండి, అందులో రెండు కుషన్‌కి (టేబుల్ అంచుకి) అతుక్కుని ఉంటే బాల్ ఇన్ హ్యాండ్ ఇచ్చినా వాడు క్లియర్ చేయలేడు. తప్పు చేసినవాడే మళ్లీ వచ్చి పాకెట్ అంచున ఉన్న ఎయిట్‌ని తోసేసి గెలుస్తాడు. అది న్యాయమా?

మూల_పాకెట్:
న్యాయమేనండీ. అతను ఏడూ వేసేశాడు, అవతలివాళ్లకు నాలుగు మిగిలాయి. అప్పటిదాకా బాగా ఆడింది అతనే. పైగా బాల్ ఇన్ హ్యాండ్ ఉంటే క్లియర్ చేయలేకపోయినా, వైట్‌ని తమ బంతుల వెనక దాచి ఎయిట్‌కి దారి మూసేయొచ్చు. ఆ ఒక్క షాట్ తెలిస్తే చాలు. మా పార్లర్‌లో రూల్స్ బోర్డు లేదు, బ్రేక్‌కి ముందు ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. అలాంటప్పుడు ఒక లీగ్ రూల్ తెచ్చి గేమ్ లాక్కోవడానికి నేను ఒప్పుకోను.

డల్లాస్_బ్రేక్:
ముందే మాట్లాడుకోలేదంటే, ఆయన గేమ్ పోనట్టే. రూల్ విషయంలో మాత్రం నా మాట మారదు.