ఏఐ ఉండగా ఫ్రెషర్లు ఎందుకు? యజమానులు చెప్పండి

మధురవాడ_యజమాని:
విశాఖలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీ. ఏటా కాలేజీల నుంచి కొందరిని తీసుకుంటాం. టెస్ట్ కేసులు రాయడం, చిన్నచిన్న బగ్‌లు చూడటం, డాక్యుమెంటేషన్... మొదటి ఏడాది వాళ్ల పని ఇదే. ఇప్పుడదంతా సీనియర్లు ఏఐ టూల్ పెట్టుకుని సాయంత్రానికి తేల్చేస్తున్నారు. క్లయింట్లేమో "మీరూ ఏఐ వాడుతున్నారుగా, రేటు తగ్గించండి" అంటున్నారు. ఈసారి ఫ్రెషర్లు వద్దని మా పార్ట్‌నర్ పట్టు. నా మనసూ అటే ఉంది. సెంటిమెంట్ వద్దు, వ్యాపారం లెక్కన చెప్పండి.

బెంచ్_బాబు:
లెక్కన అయితే మానేయండి. టీసీఎస్ అంతటిదే 2025 జులైలో రెండు శాతం మందిని, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామంది. వాళ్లకు లేని మొహమాటం మీకెందుకు?

హెచ్ఆర్_అక్క:
బాబూ, ఆ వార్త పూర్తిగా చదవండి. వాళ్లు చెప్పింది ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్ల గురించి. పైగా కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు సరిపోకపోవడం అని సీఈఓ కృతివాసనే అన్నారు. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఫ్రెషర్లను ఆపడానికి దాన్ని సాక్ష్యంగా తేకండి.

యజమాని గారూ, మీ ప్రశ్నకు పనికొచ్చే అధ్యయనం ఒకటుంది. 5 వేలకు పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగులను పరిశీలించి, అమెరికా ఆర్థికవేత్త బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం 2023లో దాన్ని బయటపెట్టింది. ఏఐ సాయంతో సగటున పని 14 శాతం పెరిగింది. కొత్తవాళ్లకైతే 34 శాతం, ఆరితేరినవాళ్లకు దాదాపు ఏమీ లేదు. అంటే తక్కువ జీతం ఉన్న మనిషి దగ్గరే టూల్ ఎక్కువ ఫలితం ఇచ్చింది. మీరేమో ఆ మనిషినే వద్దంటున్నారు.

మధురవాడ_యజమాని:
అక్కా, అది చాట్‌లో జవాబులిచ్చే పని. కోడ్ వేరు కదా. టూల్ ఇచ్చిన కోడ్‌లో తప్పెక్కడుందో ఫ్రెషర్‌కు ఎలా తెలుస్తుంది? చివరికి రివ్యూ భారమంతా సీనియర్ మీదే పడుతుంది.

టొరంటో_తెలుగు:
భారం అన్నారు కాబట్టి మా కెనడా సంగతి ఒకటి. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, కుటుంబంలో మరణం వల్ల ప్రయాణించేవాళ్లకిచ్చే రాయితీ గురించి ఒకాయనకు తప్పు చెప్పింది. ఆయన కేసు వేస్తే, చాట్‌బాట్ మాటలకు దానిదే బాధ్యత అన్నట్టు కంపెనీ వాదించింది! 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, డబ్బు కట్టమంది. మొత్తం చిన్నదే, పరువు మాత్రం పెద్దది.

లెడ్జర్_విజయవాడ:
మా అకౌంట్స్ ఆఫీసులో రోజూ చూసేది ఇదే. కొనుగోలు బిల్లులను జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2బీ స్టేట్‌మెంట్‌తో సరిచూసే పని టూల్ చకచకా చేస్తుంది, బాగుంటుంది. కానీ రాని ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును మన పన్నులో సర్దుకోవడం) తీసుకుని వాడేస్తే 18 శాతం వడ్డీ కట్టేది వ్యాపారి. నోటీసు టూల్‌కు రాదు. అందుకే మా దగ్గర టూల్ ముందు, మనిషి తర్వాత. ఆ మనిషి జూనియరే. అనుమానం వచ్చిన బిల్లులే సీనియర్ దాకా వెళ్తాయి. మొదట్లో పిల్లలు అన్నిటికీ అనుమానపడేవారు. ఇప్పుడు ఏ సప్లయర్ ఎప్పుడు ఆలస్యంగా ఫైల్ చేస్తాడో నాకంటే వాళ్లకే బాగా తెలుసు.

బెంచ్_బాబు:
అందరూ నీతులే. స్వీడన్ పేమెంట్స్ కంపెనీ క్లార్నా 2024లో, 700 మంది కస్టమర్ సర్వీస్ ఏజెంట్ల పని తమ ఏఐ చేస్తోందని చెప్పింది. వ్యాపారమంటే అది.

హెచ్ఆర్_అక్క:
మరుసటి ఏడాదే నాణ్యత తగ్గిందని క్లార్నా సీఈఓ ఒప్పుకుని, మళ్లీ మనుషులను తీసుకుంటామన్నారు. అది కూడా వ్యాపారమే.

మన పశ్చిమ గోదావరిలో పుట్టిన అర్వింద్ కృష్ణ సంగతే చూడండి. ఐబీఎంలో రెండు వందల మంది హెచ్ఆర్ వాళ్ల పని ఏఐకి ఇచ్చామని ఆ కంపెనీ సీఈఓగా 2025లో చెప్పారు (నా పొట్ట మీదే కొట్టారనుకోండి!). అదే నోటితో, మిగిలిన డబ్బు ప్రోగ్రామర్లు, సేల్స్ వాళ్ల మీద పెట్టామని, మొత్తం ఉద్యోగాలు పెరిగాయని కూడా అన్నారు. అయినా మీ అసలు ఖర్చు వేరే ఉంది, యజమాని గారూ. మీ సీనియర్ మూడేళ్లలో మానేసి ఏ హైదరాబాద్ కంపెనీకో వెళ్తే ఆ కోడ్ ఎవరికి తెలుసు? బయటి నుంచి సీనియర్‌ను తేవాలంటే అడిగినంత ప్యాకేజీ ఇవ్వాలి, పైగా నోటీస్ పీరియడ్ అయ్యేదాకా కూర్చోవాలి.

మధురవాడ_యజమాని:
ఈ చివరి మాట దగ్గర మాత్రం ఆగాను. మా పార్ట్‌నర్ లెక్కలో ఈ ఖర్చు లేదు. ఎప్పటికంటే సగం మందిని తీసుకుని, మొదటి రోజు నుంచే రివ్యూలో కూర్చోబెడదామని అడుగుతాను. జీతం పెంచను, రాయించేది తగ్గిస్తాను.

బెంచ్_బాబు:
సగం మందిని మానేస్తున్నారుగా. మరి నేను చెప్పిందేమిటి?

హెచ్ఆర్_అక్క:
సగం మాట తర్వాత. ఇంటర్వ్యూ మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టకండి. పక్క స్క్రీన్ చూసి జవాబు చదివేవాడికి రేపు రివ్యూ ఇస్తే, అదీ పక్క స్క్రీన్‌నే అడుగుతాడు. ఆఫీసుకు పిలిపించి, టూల్ రాసిన తప్పు కోడ్ ఒకటి ముందు పెట్టి అడగండి.