పరిశోధన సదస్సుల కోసం ఖండాలు దాటి విమానాల్లో వెళ్లడం ఇంకా అవసరమా?

వాతావరణ శాస్త్ర పరిశోధకురాలు, హైదరాబాద్

2019 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ (భూ, అంతరిక్ష శాస్త్రవేత్తల సంఘం) సమావేశానికి దాదాపు 28,000 మంది వెళ్లారు. వారి ప్రయాణాల వల్ల సుమారు 80,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడ్డాయని మరుసటి ఏడాది ‘నేచర్’ సైన్స్ పత్రికలో కొందరు పరిశోధకులు లెక్కగట్టారు. అంటే మనిషికి మూడు టన్నుల దాకా. భూమి వేడెక్కుతోందని లోకాన్ని హెచ్చరించవలసిన మనమే ఇంత భారం మోపడం నాకు బాధ కలిగిస్తోంది. పెద్ద సదస్సులు ప్రధానంగా ఆన్‌లైన్‌లోనే జరగాలనీ, ప్రసంగాల వీడియోలు అందరికీ ఉచితంగా అందాలనీ నా వాదన. వీసా, టిక్కెట్టు, రిజిస్ట్రేషన్ ఖర్చులు భరించలేని విద్యార్థికి అంతకంటే దగ్గరి దారి నాకు కనిపించడం లేదు.

గణిత అధ్యాపకుడు, విశాఖపట్నం

మేడమ్, ఉద్గారాల లెక్కతో నాకు పేచీ లేదు. అయితే 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత శాస్త్రవేత్తల మహాసభ హైదరాబాదులో జరిగినప్పుడు, ప్రపంచంలోని పేరెన్నికగన్న గణితవేత్తలు మన విద్యార్థులు రైల్లో వెళ్లి కలవగలిగినంత దగ్గరకు వచ్చారు. 2022లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగవలసిన అదే మహాసభ, ఉక్రెయిన్‌పై రష్యా దాడి తరువాత ఆన్‌లైన్‌కు మారింది. ప్రసంగాలు ఎవరైనా వినగలిగారు, అది మేలే. కానీ టీ విరామంలో అపరిచితుడిని ఒక సందేహం అడిగి, ఆ మాటల్లోంచి కొత్త సమస్యను పట్టుకునే అవకాశం తెర ముందు కూర్చున్న వారికి దాదాపుగా ఉండదు. పైగా శాన్ ఫ్రాన్సిస్కోలో డిసెంబరు ఉదయం తొమ్మిది గంటలంటే మనకు రాత్రి పదిన్నర. అందరికీ సమాన అవకాశమని చెబుతూ జాగారం మాత్రం మనవాళ్ల చేత చేయిస్తారు.

పోస్ట్‌డాక్టరల్ పరిశోధకుడు, జర్మనీ (స్వస్థలం వరంగల్)

నా అభిప్రాయంలో, ఎన్ని విమానాలన్న దానికంటే ఎవరి విమానాలన్నదే ముందు తేలవలసిన విషయం. ఏడాదికి పలుమార్లు ఖండాలు దాటే సీనియర్ ఆచార్యుల ప్రయాణాలను తగ్గించి, మొదటిసారి వెళ్లే విద్యార్థి ప్రయాణాన్ని కాపాడాలి. 2018లో మాంట్రియల్‌లో జరిగిన కృత్రిమ మేధ సదస్సుకు ఎందరో ఆఫ్రికా పరిశోధకులకు వీసాలు దొరకలేదు. ఆ రంగంలోని మరో పెద్ద సదస్సు, ఐసీఎల్ఆర్, 2020లో ఆఫ్రికాలోనే, ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో జరగవలసి ఉండగా కోవిడ్ వల్ల పూర్తిగా ఆన్‌లైన్‌కు మారింది. దాంతో వీసా గొడవ తప్పింది గాని, ఆ నగరంలో కలుసుకునే అవకాశమూ పోయింది. అందుకే రెండేళ్లకొకసారి, ఒకే సదస్సును మూడు నాలుగు ఖండాల్లోని కేంద్రాల్లో ఒకేసారి జరిపి, వాటిని ఆన్‌లైన్‌లో కలపడం మేలని నమ్ముతున్నాను. ఒక కేంద్రం హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే మనవాళ్లలో చాలామంది రైల్లోనే చేరుకుంటారు, టీ విరామమూ దక్కుతుంది.

వాతావరణ శాస్త్ర పరిశోధకురాలు, హైదరాబాద్

మొదటి ప్రయాణాన్ని కాపాడాలన్న మాటను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే కేంద్రాలు ఏర్పడినా మన అధ్యాపకులు వాటికి రావాలంటే మరొకటి మారాలి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లోని పరిశోధన స్కోరు పట్టికలో, విదేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సులో పత్రం సమర్పిస్తే 7 పాయింట్లు, అలాంటి సదస్సే మన దేశంలో జరిగితే 5. పత్రం అదే, శ్రమ అదే, అదనపు పాయింట్లు కేవలం దూరానికి. పదోన్నతి కోసం పాయింట్లు కూడబెట్టుకునే అధ్యాపకుడిని విమానం ఎక్కవద్దని కోరే ముందు, ఆ తేడాను తొలగించాలని అధ్యాపక సంఘాలు యూజీసీని అడగాలి.