సమస్యాపూరణం: నీరె కూల్చు నిల్లు నీరె నిలుపు

నిర్వాహకుడు:
ఈ వారం సందర్భం పునాది కాంక్రీటు. కొబ్బరికాయ కొట్టడం అయింది, ఇంటిల్లిపాదీ గోతి గట్టున నిలబడి మిల్లరు తిరగడం చూస్తున్నారు. ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలే: నాలుగు హగణాలు (గురువు–లఘువు), చివర నగణం (మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి, నీ–నీ. నీరు కూల్చడమూ తేలాలి, నిలపడమూ తేలాలి. వాస్తు జోలికి పోవద్దు, దానికి వేరే వారం ఉంది.

గుణదల గురులఘువు:
కలుపువేళ నీరు కడవలఁ బోసిన
బలము చచ్చి పగులు పైకిఁ దేలు
గట్టిపడిన పిదపఁ గట్టిన మడులందు
నీరె కూల్చు నిల్లు నీరె నిలుపు

నిర్వాహకుడు:
రెండో పాదంలో బ–పై యతి చెల్లుతుంది. హల్లులు ఒకే వర్గం, అచ్చులు అ–ఐ మైత్రి. కానీ మూడో పాదం నాలుగోదానికి అతుక్కుని, మడిలో, అంటే తడపడానికి కాంక్రీటు మీద గట్టు కట్టి నిలిపిన చోట, నీరే కూల్చినట్టు చదువుకునే ప్రమాదముంది. ఇక విషయం. సిమెంటు రసాయనికంగా పట్టుకునే నీరు దాని బరువులో నాలుగో వంతుకు దగ్గర. మిగతాది ముద్ద జారడానికి పోసేది. అది ఆరుతూ వదిలే సూదిబెజ్జాలే బలాన్ని తినేస్తాయి. పగులు కంటే ముందు పైకి తేలేది సిమెంటు పాలు. ఆ తెట్టు గీకకుండా దాని మీదే కాలమ్ మొదలుపెడితే అతుకు పట్టదు.

పటమట ప్లింతు:
మడి ఫుటింగ్ (పునాది దిమ్మ) పైభాగానికే పనికొస్తుందండీ. పక్కలకు తడిగోనెలు చుట్టాల్సిందే.

నల్లపాడు రేగడి:
నల్లరేగడందు నాని యుబ్బును మన్ను
నాల్గు నెలల యెండ నవిసి కుంగు
తేమ నెపుడు నొక్కతీరుగా నుంచిన
నీరె కూల్చు నిల్లు నీరె నిలుపు

గుణదల గురులఘువు:
అన్నగారూ, రేగడి మీద ‘అందు’ చేరితే రేగడియందు అవుతుంది, ఇకారం ఊరికే ఎగిరిపోదు. ‘నల్లనేలలోన’ అనండి, గణాలూ యతీ అలాగే నిలుస్తాయి. భావం మాత్రం గుంటూరు మట్టి ఎరిగినవాళ్లది. ఒక్క సందేహం: తేమ ఒకేతీరుగా ఎలా ఉంచుతారు?

నల్లపాడు రేగడి:
నల్లనేలలోన, సరే. ఇంటి చుట్టూ బయటికి వాలుగా కాంక్రీటు అరుగు వేయాలి, చూరునీళ్లు గోడ మొదట్లో పడకూడదు, నీళ్లు ఎక్కువ పీల్చే చెట్లు గోడకు దూరంగా ఉండాలి. అసలు పునాదే ఉబ్బూకుంగూ తాకని లోతుకు పోవాలనుకోండి. రేగడి లోతుగా ఉన్నచోట అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే అడుగు ఉబ్బిన కాంక్రీటు స్తంభాలు, కనీసం 3.5 మీటర్లు దించుతారు, అడుగున ఉబ్బు కాండం వ్యాసానికి దాదాపు రెండున్నర రెట్లు. పైన ప్లింత్ బీము (గోడలు మోసే అడ్డదూలం) మట్టి మీద ఆనకూడదు, కింద సందు వదలాలి. ఆ సందు చూసి పాపం చాలామంది మట్టి కూరి పూడ్చేస్తారు. వానాకాలం రాగానే బీము పైకి లేస్తుంది.

యతి తప్పని యాత్రికుడు:
సిమెంటు తడిసి తడిసి చేవ గట్టిగఁ బట్టు
మూడునాళ్ల తడుపు ముగియుదాక
మానివేసిరేని మఱునాడె పగులును
నీరె కూల్చు నిల్లు నీరె నిలుపు

నిర్వాహకుడు:
మూడు దెబ్బలు తగిలాయి. ‘సిమెంటు’ లఘువు–గురువు–లఘువు, సూర్యగణమూ కాదు, ఇంద్రగణమూ కాదు. జనం నోట ‘సిమ్మెంటు’ అంటే తగణం (గురువు–గురువు–లఘువు), ఇంద్రగణం చోట కూర్చుంటుంది. రెండోది, కూల్చింది మీ పద్యంలో నీరు కాదు, నీరు లేకపోవడం. సమస్య అడిగింది అది కాదు. మూడోది మూడునాళ్లు! మామూలు సిమెంటుకు ఐ.ఎస్. 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) చెప్పిన కనీసం 7 రోజులు. బూడిద కలిసిన పి.పి.సి. రకం సిమెంటుకైనా, పొడి వేడి రోజుల్లోనైనా 10. ఇప్పుడు కొట్లో దొరికేది ఎక్కువగా పి.పి.సి.యే, పైగా బెజవాడ ఎండ. పది కింద లెక్కే లేదు.

యతి తప్పని యాత్రికుడు:
సవరించాను.
చినుకు రాలినంత సిమ్మెంటు కొట్టుక
పోవు మొదటి గంట పోతలోన;
పదిదినములు పిదపఁ బట్టింపు తడిగోనె
నీరె కూల్చు నిల్లు నీరె నిలుపు

పటమట ప్లింతు:
ఇప్పుడు నిలబడింది. ‘చినుకు’ అన్నారు గానీ కొట్టుకుపోవడానికి జల్లు కావాలి. టార్పాలిన్ గోతి పక్కనే మడతపెట్టి ఉంచుకుంటే చాలు.

బ్రాడీపేట భగణం:
పిల్లఁ జంకనెత్తి పెద్దమ్మ మేస్త్రితోఁ
బలికె: “బిందె మాని బకెటుఁ గొలువు;
కొలత మీఱెనేని, కొలతలోఁ బోసిన,
నీరె కూల్చు నిల్లు నీరె నిలుపు”

గుణదల గురులఘువు:
అక్కా, ఇదీ పూరణంటే! మూడో పాదంలో రెండు షరతులు, నాలుగో పాదంలో వాటికి వరసగా రెండు ఫలితాలు. క్రమాలంకారం అడక్కుండానే వచ్చి కూర్చుంది. ‘బకెట్టు’లో ద్విత్వం పోయినా క్షమించేశాం.

పటమట ప్లింతు:
పెద్దమ్మను గోతి దగ్గరికి తెచ్చారు, బాగుంది. అయితే బకెట్టు ఎన్ని లీటర్లది? పదిహేనుదీ ఉంది, ఇరవైదీ ఉంది. ‘బస్తాకు రెండు’ అంటే ముప్పయ్యా, నలభయ్యా?

బ్రాడీపేట భగణం:
పద్యంలో పట్టలేదు, ఇక్కడ చెబుతాను. 50 కిలోల బస్తాకు సిమెంటు బరువులో సగం, అంటే 25 లీటర్లు అనుకుందాం. ఎం20 రకం కాంక్రీటుకు సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 కొలత. బస్తా సిమెంటు సుమారు 35 లీటర్ల పరిమాణం, దానికి ఇసుక 52 లీటర్లు, రమారమి 80 కిలోలు. కృష్ణ ఇసుక తడిగా దిగితే, నూటికి 5 వంతుల తేమ ఉన్నా అందులోనే 4 లీటర్లు వచ్చేశాయి. కాబట్టి బకెట్టుతో పోయాల్సింది 21. ఈ తీసివేత ఎవరూ చేయరు. పైగా తడి ఇసుక ఉబ్బి పెట్టెలో తక్కువ బరువు పడుతుంది, అక్కడా కొలత తప్పుతుంది. మేస్త్రి ఇంకో బిందె అడిగేది ముద్ద కదలక. కదిలించాల్సింది వైబ్రేటరు. దాని సూది ముద్దలోకి నిలువుగా దించి, బుడగలు ఆగాక మెల్లగా పైకి తీయాలి. ఆ పని ఎగ్గొట్టి నీళ్లు పోస్తే పోత నున్నగా జారుతుంది, చూసేవాళ్లకు అదే బాగున్నట్టు కనబడుతుంది.

నల్లపాడు రేగడి:
గోతిలో ఊట నీళ్లుంటే? కాలువల కింద ఊళ్లలో రెండు గజాలకే ఊరుతుంది.

బ్రాడీపేట భగణం:
మోటారు పెట్టి తోడాకే అడుగున 1:4:8 కాంక్రీటు పరుపు (బెడ్), 10 సెంటీమీటర్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల కవర్ బిళ్లలు (కడ్డీలను ఎత్తి పట్టేవి), వాటి మీద కడ్డీల మ్యాట్ (అల్లిక). నిలిచిన నీళ్లలోకే కాంక్రీటు కుమ్మరిస్తే కొలిచిన 21 లీటర్లకు అర్థం లేదు. పోసేటప్పుడు మనిషి ఎత్తు నుంచి వదలకండి, మీటరున్నర దాటితే కంకర విడిపోతుంది.

నిర్వాహకుడు:
ఈ వారం మెప్పు పెద్దమ్మకే. వచ్చే ఆదివారానికి సమస్య: “తుప్పుగల్గు కడ్డి దొడ్డ కడ్డి”. ఆటవెలదే. గోధుమరంగు తిరిగిన పలచని తుప్పుతో కాంక్రీటు పట్టుకు చేటు లేదు. చేత్తో రుద్దితే పొరలుగా రాలే తుప్పును వైరు బ్రష్షుతో గీకాలి. ఆ తేడా పద్యంలో కనబడాలి.