మారుమూల ఊళ్ళో ఒకే కనెక్షన్‌తో ఇళ్ళకూ దుకాణాలకూ ఇంటర్నెట్, వచ్చిపోయేవారికి వైఫై: నడుపుతున్నవారి అనుభవాలు కావాలి

కొండవాలు:
మా ఊరికి ఇంతవరకు తీగ మీద ఇంటర్నెట్ రాలేదు, మొబైల్ సిగ్నల్ కూడా కొండ ఎక్కితే తప్ప దొరకదు. ఉపగ్రహ కనెక్షన్ ఒకటి తీసుకుని ఇళ్ళకూ, కొన్ని దుకాణాలకూ, ఆరోగ్య కేంద్రానికీ పంచాలనీ, ఊరి నడిమధ్యలో అందరికీ వైఫై పెట్టాలనీ అనుకుంటున్నాం. ఏ రకం ఉపగ్రహ సేవ మేలు, వాగు అవతలి ఇళ్ళకు సిగ్నల్ ఎలా చేర్చాలి, కరెంటు లేనప్పుడు ఏం చేయాలి, ఖర్చు ఎలా పంచుకోవాలి అన్న విషయాల్లో మీ సలహాలు కావాలి.

దుకాణందారు:
మిగతావి ఎలా చేసినా, లాగిన్ పేజీ మాత్రం దయచేసి పెట్టకండి. మా దగ్గర ఊరి వైఫైకి ఫోన్ నంబరు అడిగి, ఓటీపీ పంపే పేజీ పెట్టారు. మొబైల్ సిగ్నల్ లేదనే కదా వైఫై పెట్టుకున్నది, మరి ఆ ఓటీపీ ఎస్సెమ్మెస్ ఏ దారిన రావాలి? నా కార్డు యంత్రానికి ఆ పేజీని చూపించే బ్రౌజర్ లేదు కాబట్టి, అది వైఫైకి కలిసినట్టే కనిపిస్తుంది కానీ చెల్లింపు మాత్రం జరగదు. సరుకు తీసుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఏం చెప్పాలో నాకు తెలియదు.

తరంగం:
మారుమూల ప్రాంతాల్లో వైర్‌లెస్ నెట్‌వర్కులు కట్టడమే నా వృత్తి, కాబట్టి ఈ విషయం మీద అధికారంతోనే మాట్లాడుతున్నాను. కార్డు యంత్రాన్ని పబ్లిక్ వైఫైకి కలపడమే తప్పు పద్ధతి. దుకాణాలకు వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో, వేరే వీలాన్ (అవే పరికరాల మీద విడిగా నడిచే దారి) మీద నెట్‌వర్క్ ఇవ్వాలి; వైఫైని ప్రసారం చేసే పరికరం, అంటే యాక్సెస్ పాయింట్, ఒక్కటే నాలుగైదు పేర్లను ప్రసారం చేయగలదు. లాగిన్ పేజీ లేకపోతే, ఎవరైనా ఆ కనెక్షన్ మీద చేయరాని పని చేసినప్పుడు జవాబు చెప్పవలసింది దాన్ని తన పేరు మీద తీసుకున్న మనిషే. కొండవాలు గారు ఆ పేరు ఎవరిదో ముందుగా ఆలోచించుకోవాలి.

దుకాణందారు:
తప్పు పద్ధతి అని మీరు తేలికగా అంటున్నారు. మాకు వేరే నెట్‌వర్క్ ఇచ్చే బాధ్యత పరికరాలు పెట్టి వెళ్ళిపోయినవారిదా, సెట్టింగుల పాస్‌వర్డ్ కూడా చేతికి రాని నాదా?

అక్షరదీపం:
నేను బడిలో పనిచేస్తాను. మేము డబ్బిచ్చి కొనే కోడ్‌తో వైఫైలోకి వచ్చే వోచర్ పద్ధతి పెట్టి, ప్రతి వోచర్‌ను ఒక ఫోన్ మ్యాక్ చిరునామాకు, అంటే నెట్‌వర్క్‌లో ఆ ఫోన్‌ను గుర్తించే సంఖ్యకు, ముడివేశాం. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు చిరునామాకు బదులు కల్పిత చిరునామాను చూపించడం మొదలుపెట్టాయి. పిల్లలు నెట్‌వర్క్‌ను మరిచిపోయేలా చేసి మళ్ళీ కలిసినప్పుడు కొన్ని ఫోన్లు కొత్త చిరునామాతో వస్తున్నాయి, డబ్బిచ్చి కొన్న వోచర్ చెల్లకుండా పోతోంది. వోచర్‌ను ఫోన్‌కు కాకుండా సమయానికో డేటాకో ముడివేయండి.

నీలిగొడుగు:
లాగిన్ పేజీ గురించి వాదిస్తున్నారు కానీ, అక్కడ పోగైన ఫోన్ నంబర్లు ఎవరి దగ్గర ఉంటున్నాయో ఒక్కరూ అడగలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఏ వేళ ఎక్కడి నుంచి ఆన్‌లైన్‌లోకి వచ్చారో చూపే పట్టిక ఒక మనిషి ల్యాప్‌టాప్‌లో పడి ఉండటం నాకు సమ్మతం కాదు. ఓడబ్ల్యూఈ అనే వైఫై భద్రతా ప్రమాణంతో పాస్‌వర్డ్ లేని వైఫైలో కూడా ఫోన్‌కూ యాక్సెస్ పాయింట్‌కూ మధ్య ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, అంటే మధ్యలో ఇతరులు చదవలేరు. పాత ఫోన్లు దాన్ని గుర్తించవు కాబట్టి రెండు రకాలూ కలిపి నడపాలి. ఒక ఫోన్ ఇంకో ఫోన్‌ను చూడకుండా చేసే క్లయింట్ ఐసొలేషన్ తప్పనిసరిగా ఆన్ చేయండి.

తరంగం:
నీలిగొడుగు గారూ, నంబర్లను నిర్ణీత గడువు తర్వాత చెరిపేసే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని పెట్టకపోవడం నడిపేవారి లోపమే తప్ప, లాగిన్ పేజీ లోపం కాదు.

నీలిగొడుగు:
ఆ సెట్టింగ్ పెట్టారో లేదో ఊరివాళ్ళు ఎలా తనిఖీ చేస్తారు? తనిఖీకి అవకాశం లేని హామీ మీద నేను నా నంబరు ఇవ్వను.

వాగొడ్డు:
అడిగిన ప్రశ్నల్లో వాగు అవతలికి లింకు ఒకటి ఉంది, దానికి ఎవరూ జవాబివ్వలేదు. అవతలి డాబా కంటికి కనబడితే చాలదు. 5 కిలోమీటర్ల దూరానికి 5.8 గిగాహెర్ట్జ్ మీద రేడియో లింకు వేస్తే, సరిగ్గా మధ్యలో ఆ రేడియో తరంగం దారి చుట్టూ సుమారు 8 మీటర్ల వ్యాసార్ధం గల ఫ్రెనెల్ జోన్, అంటే తరంగం పరుచుకుని సాగే చోటు, ఉంటుంది. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి. ఎండాకాలంలో వేసిన లింకు వానలు పడి చెట్లు చిగురించాక బలహీనపడితే అందరూ రేడియోను తిడతారు, నిజానికి దారికి అడ్డం వచ్చింది తడి ఆకులు. అందుకే ఆకు నిండుగా ఉన్న కాలంలో ఒకసారి చూసి స్తంభం ఎత్తు తేల్చుకోండి. రేడియోకు వెళ్ళే ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్లు దాటకూడదు, బయట వేసే కేబుల్ ఎండకు తట్టుకునే రకం కావాలి. రెండు భవనాల మధ్య వీలైతే ఫైబర్ వేయండి, లోపల లోహపు తీగ లేని రకమైతే పిడుగు పడినప్పుడు ఒక భవనం నుంచి ఇంకోదానికి కరెంటు పాకే దారి ఉండదు.

రాత్రిపాళీ:
నేను ఆరోగ్య కేంద్రంలో నర్సును. డాక్టరుగారితో వీడియోలో మాట్లాడుతుండగా, ఊళ్ళో ఎవరో ఒకరి ఫోన్ ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టగానే మా మాట తెగిపోయేది. వేగం ఎక్కువున్న ప్లాన్ తీసుకుంటే తగ్గుతుందన్నారు, తీసుకున్నా తగ్గలేదు. చివరికి ఒక కుర్రాడు వచ్చి రౌటర్‌లో ఏదో మార్చాడు, ఆ తర్వాత బాగానే ఉంది. ఏం మార్చాడో తెలిసినవారు చెబితే కొండవాలు గారికి పనికొస్తుంది.

తరంగం:
అది బఫర్‌బ్లోట్. పంపవలసిన ప్యాకెట్లు మోడెమ్‌లో బారులు తీరి, మీ వీడియో ప్యాకెట్ వాటి వెనక ఎదురుచూస్తుంది. ఎఫ్‌క్యూ కోడెల్ లేదా కేక్ అనే క్యూ పద్ధతిని ఆన్ చేసి, వేగ పరిమితిని లైను అసలు వేగం కన్నా కొంచెం తక్కువగా, పదిశాతం వదిలి పెడితే, ఆ వరుస మోడెమ్‌లో కాక మన రౌటర్‌లో ఏర్పడుతుంది, అక్కడ అందరికీ న్యాయంగా వంతు వస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచే మామూలు రౌటర్‌లో కూడా ఇది చేయవచ్చు. ఉపగ్రహ లైను వేగం గంటగంటకూ మారుతుంది కాబట్టి పరిమితిని రద్దీ వేళ కొలిచి పెట్టాలి.

రాత్రిపాళీ:
ధన్యవాదాలండీ. ఈ మాట మాకు ప్లాన్ అమ్మినవారే మొదట చెప్పి ఉంటే, ఆ డబ్బు మందులకు పనికొచ్చేది.

దుకాణందారు:
తరంగం గారు ఇంత వివరంగా చెప్పగలిగినప్పుడు, నాకు కూడా తప్పు పద్ధతి అని తీర్పు ఇవ్వకుండా మొదటే ఇలా చెప్పవలసింది.

తరంగం:
నేను పద్ధతిని అన్నాను, మిమ్మల్ని కాదు. మీ ఊరి రౌటర్ ఏ రకమో రాయండి, దుకాణాల నెట్‌వర్క్ విడదీయడం ఎలాగో చెబుతాను.

ఆకాశదీపం:
ఉపగ్రహం గురించి: భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం, అంటే భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించేది, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన ప్రశ్న పైకి వెళ్ళి కిందికి, జవాబు మళ్ళీ పైకి వెళ్ళి కిందికి రావాలంటే కాంతివేగంతోనే సుమారు 480 మిల్లీసెకన్లు పడుతుంది, ఏ ప్లాన్ కొన్నా దాన్ని తగ్గించలేరు. స్టార్‌లింక్ వంటి సేవలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలను వాడతాయి కాబట్టి ఆలస్యం పదుల మిల్లీసెకన్లలోనే ఉంటుంది. వీడియోలో వైద్యం, ఆన్‌లైన్ పాఠం ఉన్న ఊరికి రెండోదే నయం. అయితే ఆ డిష్ కరెంటు బాగా తింటుంది, ఆకాశం విశాలంగా తెరుచుకుని ఉండాలి, కొండ అంచు అడ్డొస్తే లైను మాటిమాటికీ తెగుతుంది.

వాగొడ్డు:
ఖర్చు విషయంలో నా అభిప్రాయం ఒకటే: ఊరు తానే యజమాని కావాలి. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో మొదలైన గిఫి నెట్ అనే ప్రజల ఉమ్మడి నెట్‌వర్క్ అలాగే పెరిగింది, వైర్‌లెస్ లింకులతో మొదలై ఫైబర్ దాకా వచ్చింది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో బీఫోర్‌ఆర్‌ఎన్ అనే సంస్థ కోసం ఊళ్ళవాళ్ళు తామే కందకాలు తవ్వి, తమ పొలాల గుండా ఫైబర్‌కు దారి ఇచ్చారు. డబ్బు పెట్టినవారే కాదు, పని చేసినవారు కూడా అక్కడ భాగస్వాములే.

అక్షరదీపం:
మా ఊళ్ళో భాగస్వాములు చాలామందే ఉన్నారు, కానీ రౌటర్ ఆగిపోయిన రోజున నిచ్చెన ఎక్కే మనిషి ఒక్కడే. అతనికి నెలనెలా కొంత ఇవ్వాలని ఎన్నిసార్లు చెప్పినా సమావేశంలో తేలడం లేదు. వసూలులో మొదటి వాటా అతనిదని ముందే రాసిపెట్టుకోండి.

ఆకాశదీపం:
కరెంటు సంగతి మిగిలిపోయింది. డిష్, రౌటర్, లింకు రేడియోలు కలిపి 75 వాట్లు అనుకుంటే రోజంతటికి 1,800 వాట్‌అవర్లు కావాలి. 12 వోల్టుల 100 ఆంపియర్‌అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్‌అవర్లు, అందులో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు పడిపోతుంది. అంటే ఎండ లేని ఒక్క రోజుకే అలాంటివి మూడు కావాలి. రాత్రి ఆరోగ్య కేంద్రం లైను తప్ప మిగతావి ఆపగలిగితే రెండుతో నెట్టుకురావచ్చు.

కొండవాలు:
రాత్రి ఆపడానికి ఇళ్ళవాళ్ళు ఒప్పుకుంటారు, దుకాణాలవాళ్ళు ఒప్పుకోరేమోనని నా అనుమానం, ఎందుకంటే సరుకుల ఆర్డర్లు వాళ్ళు పెట్టేది అప్పుడే. దుకాణందారు గారూ, మీ దగ్గర రాత్రిళ్ళు ఎలా నడుపుతున్నారు?